సిసిలీ తోటల్లో మడవ నీళ్ళు
(అనంతపురంలో పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పరిచయం చేసిన మిత్రుడు నన్ను ప్రపంచ యాత్రికుణ్ణి చేసేశాడు. అంత లేదండీ. ఇరిగేషన్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు చెరువు కట్టల మీద తిరిగి రిటైరైన మనిషిని. మా అమ్మాయికి ఇటలీలో ఉద్యోగం. 2025 మే నెలలో రమ్మంది. రోమ్, వెనిస్ చూపిస్తానంది. నేనే సిసిలీ అన్నాను.

ఎందుకంటారా? మధ్యధరా సముద్రంలో అన్నిటికన్నా పెద్ద ద్వీపం అది, 25 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా 19 వేలు, పోల్చుకోండి. వాన అంతా చలికాలంలోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆకాశం వైపు చూసి లాభం లేదు. అలాంటి చోట వెయ్యేళ్ళుగా నిమ్మతోటలు, నారింజతోటలు. మన జిల్లాలో పుట్టినవాడికి వెంటనే వచ్చే అనుమానం ఒకటే కదా, ఆ నీళ్ళు ఎక్కడివి అని.

పది రోజులూ ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాను. మా ఆవిడకి ఒళ్ళు మండింది. "శిల్పాలు చూడమంటే తూములు చూస్తారేంది" అని అక్కడే అడిగింది. ఆవిడ మూడో వరసలో కూర్చునుంది, కాదనదు.

మొదట పలెర్మో. ఆ ద్వీపానికి రాజధాని. ఫినీషియన్లని, పాతకాలపు సముద్ర వ్యాపారులు కట్టిన ఊరు. తర్వాత రోమన్లు, బైజాంటియం వాళ్ళు, 831లో అరబ్బులు, 1072లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు, ఆ తర్వాత స్పెయిన్ వాళ్ళు. ఊరి మధ్య నుంచి కొంచెం పడమటగా వెళ్తే జీసా అనే కోట లాంటి మేడ ఉంటుంది. 1165లో మొదటి విలియం రాజు మొదలుపెట్టాడు, కొడుకు రెండో విలియం పూర్తి చేశాడు. రాజులు నార్మన్ క్రైస్తవులు, కట్టిన పనితనం అరబ్బులది. పేరు కూడా అరబ్బీ నుంచే వచ్చింది, "అల్ అజీజ్" అని. మనూళ్ళో అజీజ్ భాయ్ ఉన్నాడే, ఆ అజీజే.

అది ఎండాకాలపు విడిది. కింది హాల్లో ఎదురు గోడలో నీటి ధార. ఆ నీళ్ళు గాడులు చెక్కిన వాలు పాలరాతి మీద పలచగా జారి, నేల మధ్య సన్నటి కాలువలో పడి, రెండు చిన్న తొట్లు దాటి, గుమ్మం బయట చెరువులోకి పోయేవి. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఆ తడి మీదుగా లోపలికి వచ్చి, గోడల్లో వదిలిన గొట్టాల గుండా పైకి పోయేది. కరెంటు లేని ఏసీ. ఆ వాలు రాతి దగ్గర నేను కూర్చుని గాడుల లోతు వేలితో చూడబోతే కాపలా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. తప్పే, ఒప్పుకుంటాను. ఇంజనీరునని మా అమ్మాయి సర్ది చెప్పింది. ఆవిడ నవ్వి, గుమ్మం పైన కమాను చూపించింది. అక్కడ రంగుల్లో చిన్న చిన్న దయ్యాల బొమ్మలు. ఎవరు ఎన్నిసార్లు లెక్కపెట్టినా లెక్క కుదరదని, నిధికి అవే కాపలా అని ఊళ్ళో కథ. నాకు ఒకసారి పదకొండు, ఇంకోసారి పదమూడు వచ్చాయి. మా ఆవిడ లెక్కపెట్టనే లేదు.

ఆ మేడలోనే ఇప్పుడు ఇస్లామిక్ కళల మ్యూజియం. అందులో ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. ఒక సమాధి ఫలకం, 1149 నాటిది. రాజు దగ్గర పనిచేసిన ఒక పాదిరి తన తల్లి అన్నా కోసం చెక్కించాడు. మధ్యలో శిలువ, చుట్టూ నాలుగు లిపుల్లో రాత: లాటిన్, గ్రీకు, అరబ్బీ, పైన హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబ్బీ. తల్లి పోయిన తేదీని కూడా ఎవరి కాలమానంలో వాళ్ళకి రాయించాడు. క్రీస్తు శకం, హిజ్రీ, మిగతా రెండు సృష్టి నుంచి లెక్కపెట్టే సంవత్సరాలు. ఆ వీధిలో నడిచే ఎవరైనా చదువుకుని అమ్మని తలుచుకోవాలనుకున్నాడు కాబోలు. రాయి పెద్దదేం కాదు, కానీ నేను చాలాసేపు నిలబడ్డాను. అక్కడ తూము లేదు, అది గమనించండి.

నీళ్ళ సంగతికి వస్తాను. పలెర్మో కింద సొరంగ కాలువలున్నాయి. ఖనాత్ అంటారు, పర్షియా నుంచి అరబ్బుల చేతి మీదుగా వచ్చిన పని. కొండవాలులో ఊట పట్టి, అక్కణ్ణుంచి నేల కిందే సన్నటి వాలుతో ఊరి దాకా తెస్తారు. వాలు ఎక్కువైతే నీళ్ళు మట్టిని కోస్తాయి, తక్కువైతే పూడిక పడుతుంది. లెవెల్ యంత్రం లేకుండా ఆ వాలు పట్టారంటే మొక్కాలి. బీదరులో ఇలాంటిదే ఉంది, కరేజ్ అంటారు. మన పెన్న, చిత్రావతి పక్కన తవ్వే ఊట కాలువలు కూడా దూరపు చుట్టాలే. ముందుగా బుక్ చేసుకుంటే గుహలు తెలిసినవాళ్ళు హెల్మెట్ పెట్టి లోపలికి తీసుకెళ్తారు. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. అమ్మాయి దిగి, నడుం దాకా తడిసి వచ్చి, "నాన్నా, లోపల చల్లగా భలే ఉంది" అంది. ఆ అసూయ ఇంకా పోలేదు.

వాళ్ళ రైతు భాషలో నీళ్ళ మాటలు అరబ్బీలోనే మిగిలాయి. నీళ్ళ తొట్టి "జెబ్బియా". పిల్లకాలువ "సాయియా". నిమ్మ, నారింజ పువ్వు "జాగరా". నారింజ పండు "అరాంచా". దీని వెనక్కి పోతే అరబ్బీ నారంజ్, పర్షియన్ నారంగ్, సంస్కృతం నారంగం, ఆ వెనక మన ద్రావిడ భాషల మాటే ఉందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఆ మాట ఎంత తిరిగిందంటే, పలెర్మోలో అన్నం ముద్దలో కూర పెట్టి బోండాలా వేయిస్తారు, ఆ తినుబండారానికీ నారింజ పేరే, "అరంచీనా". పలెర్మోలో అది ఆడపేరు. అటు తూర్పున కతానియాలో "అరంచీనో", మగపేరు. దీని మీద వాళ్ళు తగవు పడతారు, నిజంగానే.

బొటానికల్ గార్డెన్‌కి ఒక పూట ఇవ్వండి. 1795లో తెరిచారు. పాతిక ఎకరాలు ఉంటుంది. లోపలికి పోగానే మనకి తెలిసిన చెట్టులా ఉంటుంది, కానీ కాదు. మర్రిలాగే ఊడలు దిగి, ఊడలే మానులై, ఏది మొదటి మాను అని అడిగితే చెప్పలేం. అది ఆస్ట్రేలియా వైపు జాతి మర్రి. 1845లో నార్‌ఫోక్ దీవి నుంచి తెచ్చి నాటారు. దాని వేళ్ళు గోడల్లా, మనిషి నడుం ఎత్తున లేస్తాయి. ఇంకోపక్క బూరుగు కుటుంబపు చెట్ల వరస, కుండలా ఉబ్బిన మాను మీద గోరంత ముళ్ళు. గుండ్రటి కొలనుని చక్రంలా గదులు చేసి ఒక్కో గదిలో ఒక్కో రకం కలువ పెంచుతున్నారు. మా ఆవిడ అరగంట అక్కడే. నేను ఆ గదుల మధ్య నీళ్ళు ఎలా పోతున్నాయా అని చుట్టూ తిరిగాను. సరే, వదిలేద్దాం.

పలాజ్జో అబతెల్లిస్ అని పాత మేడ, ఇప్పుడు చిత్రశాల. రెండు బొమ్మలు చెప్తాను. కింద ఒక గోడంత చిత్రం, పదిహేనో శతాబ్దానిది, గీసిందెవరో పేరు లేదు. ఒకప్పుడు ఆసుపత్రిగా ఉన్న మేడ ప్రాంగణంలో ఉండేది. మృత్యువు ఎముకల గుర్రమెక్కి బాణాలు వేస్తోంది. ఆ గుర్రం పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. బాణాలు తగిలినవాళ్ళంతా పట్టుబట్టల వాళ్ళు, కిరీటాల వాళ్ళు. ఎడమపక్క ముసలివాళ్ళు, కుంటివాళ్ళు చేతులు జోడించి మమ్మల్ని తీసుకుపో అంటుంటే అది వాళ్ళ వైపు తిరగనైనా తిరగదు. రోగులు రోజూ దాన్ని చూస్తూ ఉండేవాళ్ళంటే ఏం ధైర్యమో నాకర్థం కాలేదు.

పైన ఆంతొనెల్లో ద మెస్సీనా వేసిన మేరీ మాత. మూరెడు కూడా ఉండదు బొమ్మ. నీలం ముసుగు, ముందు విప్పిన పుస్తకం. దేవదూత వచ్చి శుభవార్త చెప్పే ఘట్టం, కానీ దేవదూత చిత్రంలో లేడు. ఆమె కుడిచెయ్యి మాత్రం కొంచెం లేచి మన వైపు చాపి ఉంటుంది, ఆగు అన్నట్టా, విన్నాను అన్నట్టా తెలీదు. ఎడమచెయ్యి ముసుగుని గుండె దగ్గర పట్టుకుని ఉంటుంది. దేవదూత నిలబడాల్సిన చోట మనం నిలబడి ఉన్నామని కాసేపటికి తడుతుంది. ఆ గదిలో మాటలు లేవు.

ఇప్పుడు మీ అందరికీ దగ్గరి విషయం. నిమ్మలకుంట మనకి ఎంత దూరం? తోలుబొమ్మలాట చిన్నప్పుడు రాత్రంతా చూసినవాళ్ళు ఇక్కడ సగంమంది ఉంటారు. సిసిలీలో దానికి జోడు ఉంది, "పూపీ" ఆట. వాళ్ళ బొమ్మలు చెక్కవి, ఒంటి మీద రాగి, ఇత్తడి రేకు కవచం. తలలోంచి ఒక ఇనుప కమ్మీ, కుడిచేతికి ఇంకోటి. కథ ఫ్రాన్సు రాజు షార్లెమాన్ కొలువులోని వీరులది. ఓర్లాండో, రినాల్దో, వాళ్ళిద్దరూ పడి చచ్చే ఆంజేలికా. ద్రోహి గానో, వాళ్ళ శకుని అనుకోండి. వాడు రాగానే జనం తిట్లు, చేతిలో ఏముంటే అది విసరడం. కథ ఒక రాత్రిలో అయ్యేది కాదు. రోజుకో ఘట్టం చొప్పున నెలల తరబడి సాగేది. పొద్దున్నే కూలికి పోయే మనిషి రాత్రి రినాల్దో ఏమయ్యాడో తెలుసుకోవడానికి వచ్చేవాడు.

ఈ ఆటని 2001లో యునెస్కో గుర్తించింది. అంతకు చాలా ముందే, టీవీ వచ్చి ఆటగాళ్ళు బొమ్మలు అమ్ముకుంటున్న రోజుల్లో, ఆంతోనియో పాస్కాలినో అనే సర్జన్ వాటిని సేకరించడం మొదలుపెట్టాడు. 1975లో మ్యూజియం అయ్యింది. ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల బొమ్మలూ ఉన్నాయి, జావా తోలుబొమ్మలతో సహా.

అక్కడ పలెర్మో బొమ్మనీ కతానియా బొమ్మనీ పక్కపక్కన చూశాను. పలెర్మోది మూడడుగుల లోపు, ఎనిమిది పది కిలోలు. మోకాళ్ళు వంగుతాయి, కత్తి ఒరలోంచి తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. కతానియాది నాలుగడుగుల పైన, ముప్పై కిలోల దాకా. అంత బరువుకి మోకాలు వంగితే కూలిపోతుంది కాబట్టి కాళ్ళు కర్రల్లా ఉంటాయి, కత్తి ఎప్పుడూ చేతిలోనే. మోకాలు ఒక్కటి మారేసరికి నడక, పోరు, ఆడించే మనిషి నిలబడే చోటు అన్నీ మారిపోయాయి.

సాయంత్రం ఆట చూశాం. మాట ఒక్కటి అర్థం కాలేదు, కథ మొత్తం అర్థమైంది. యుద్ధం వచ్చేసరికి ఆడించేవాళ్ళు చెక్క మీద కాళ్ళతో దబదబా తొక్కుతారు. మనవాళ్ళూ కింద చెక్కలు వేసి తొక్కుతారు కదా, నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఒక సైనికుడి తల నిలువునా రెండు చెక్కలైంది, అది ముందే అలా చేసిన బొమ్మ. పక్కనున్న పిల్లవాడు కేక పెట్టి వాళ్ళ అమ్మ ఒళ్ళోకి దూకాడు. మన బంగారక్క, జుట్టుపోలిగాడు లాగా వాళ్ళకీ హాస్యగాళ్ళున్నారు, నోఫ్రియో, వీర్తిక్కియో. వాళ్ళ భాష అచ్చం ఊరి యాస అని అమ్మాయి చెప్పింది.

జీసా పక్కనే ఒక పాత ఫర్నిచర్ ఫ్యాక్టరీ షెడ్లని సాంస్కృతిక కేంద్రం చేశారు. నాటకం, సినిమా, సంగీతం అన్నీ అక్కడే. అందులోనే 2017లో ఫొటోగ్రఫీ కేంద్రం తెరిచింది లెతీజియా బత్తాలియా. మాఫియా హత్యల ఫొటోలు తీసిన మనిషి ఆమె, 2022లో పోయింది. మేం వెళ్ళినరోజు మూసి ఉంది. సోమవారాలు, ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ చాలా చోట్ల తలుపులు వేసేస్తారు. వెళ్ళేవాళ్ళు ముందే చూసుకోండి. మాకు ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మినవాళ్ళు ఒకచోట సెలవురోజుకే టికెట్ ఇచ్చారు, డబ్బు గోవిందా.

మధ్య సిసిలీలో పియాజ్జా ఆర్మెరీనా దగ్గర రోమన్ల నాటి మేడ. నాలుగో శతాబ్దం. పైన కొండచరియ పడి మట్టిలో కప్పబడటం వల్ల నేల మీద రంగురాళ్ళ బొమ్మలు మిగిలాయి, 3,500 చదరపు మీటర్లు. బికినీ అమ్మాయిల బొమ్మ దగ్గరే గుంపంతా. మీరు వేట బొమ్మలున్న పొడవాటి వరండాకి పోండి. పులిపిల్లల్ని ఎత్తుకుపోయే వేటగాడు తల్లిపులి ముందు గాజుగోళం పడేస్తాడు. అందులో తన నీడ చూసి పిల్లే అనుకుని అది ఆగిపోతుంది. ఆ వరండా చివర ఏనుగుదంతం పట్టుకుని కూర్చున్న స్త్రీమూర్తి ఉంది, పక్కన ఏనుగు, పులి. ఆమె ఇండియా అని చాలామంది పండితులు అంటారు. మా ఆవిడ ఆమె పక్కన ఫొటో కావాలంది. వరండా పైన నడిచే వంతెన మీంచే తీశాం.

చివరిది అగ్రిజెంతో, పలెర్మో నుంచి రైల్లో రెండు గంటలు. కొండమీద వరసగా గ్రీకు గుళ్ళు, అవి అందరికీ తెలుసు. ఆ గుళ్ళ మధ్య లోయలో కోలింబెత్రా అనే తోట ఉంది. క్రీ.పూ. 480లో హిమెరా యుద్ధంలో, ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన కార్తేజ్ వాళ్ళని ఓడించి, దొరికిన ఖైదీలతో గ్రీకులు ఇక్కడ పెద్ద చెరువు తవ్వించారని చరిత్రకారుడు దియొదోరస్ రాశాడు. చేపలు పెంచేవారట, హంసలు ఉండేవట. భూమి లోపల సొరంగాలు తొలిచి నీళ్ళు తెచ్చిన ఇంజనీరు పేరు కూడా రాశాడు, ఫయాక్స్. ఇంజనీరు పేరు చరిత్రలో ఉండటం ఎంత అరుదో మా శాఖవాళ్ళని అడగండి! తర్వాత చెరువు పూడిపోయింది. పూడిక ఎంత మంచి మట్టో మనకి తెలుసు. ఆ మట్టిలో తోట వేశారు. ఇరవయ్యో శతాబ్దం చివరికి అది కూడా పాడుబడి ముళ్ళకంపైతే, 1999లో వారసత్వ కట్టడాలు చూసే ఒక సంస్థ తీసుకుని బాగు చేసింది. పన్నెండెకరాలు. నారింజ, నిమ్మ, బాదం, పిస్తా, మల్బరీ, ఓలివ్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2024లో సిసిలీలో ఘోరమైన కరువు. పెర్గూసా సరస్సు ఎండిపోయింది. ఈ అగ్రిజెంతోలోనే ఇళ్ళకి నీళ్ళు రోజుల తరబడి రాక, ట్యాంకర్లు తిరిగాయి. మరుసటి ఏడాది, మేం వెళ్ళినప్పుడు, అదే ఊరు ఇటలీ సాంస్కృతిక రాజధాని. వీధి నిండా బ్యానర్లు. మేం దిగిన ఇంటావిడ డాబా మీద నీలం ట్యాంకు తట్టి, ఎంతుందో శబ్దంతో చూసుకుని, వేడినీళ్ళు కాస్త చూసి వాడమంది. మా ఇంట్లో 1980ల్లో మా అమ్మ కూడా డ్రమ్ముని అలాగే తట్టేది.

తోటలోకి సాయంత్రం దిగాం. రాతిలో తొలిచిన సొరంగం నోట్లోంచి నీళ్ళు బయటికి వస్తున్నాయి. బొటనవేలంత ధార, అంతే. రెండు వేల అయిదువందల ఏళ్ళనాటి సొరంగం! ధార తొట్టిలో పడుతోంది. తొట్టి నుంచి పిల్లకాలువ, కాలువ నుంచి చెట్టు చుట్టూ పాది. ఒక పెద్దాయన పారతో నిలబడి ఉన్నాడు. ఒక పాది నిండగానే మట్టి తీసి అక్కడ వేసి, ఇవతల గట్టు తెంపాడు. నీళ్ళు పక్క చెట్టుకి తిరిగాయి. మడవ తిప్పడమండీ, అంతే! మా నాయన తిప్పినట్టే, రెండు పారల మట్టి, మడమతో ఒక తొక్కు.

నేను చెయ్యి చాపాను. ఆయన ఒకసారి నన్ను చూసి, పార ఇచ్చాడు. ఆ తర్వాతి పాది నేను తిప్పాను. గట్టు సరిగ్గా తొక్కలేదని ఆయన మళ్ళీ వచ్చి తొక్కాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఖర్చు సంగతి మాత్రం మా ఆవిడని అడగండి.