"బాగుంది" అంటే టీ డబ్బులు నువ్వే ఇవ్వాలి: విజయనగరంలో జాజ్ వినడం

(తెర మీద: సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ బండి, నాలుగు గ్లాసులు.)

నమస్కారం. మా నలుగురికీ ఒక రూలుంది. వారానికి ఒక్క జాజ్ ఆల్బమ్, ఒకరు చెప్తారు, మిగతా ముగ్గురూ వింటారు, ఆదివారం ఇక్కడ కలుస్తాం. "బాగుందిరా" అని ఊరుకున్నవాడు ఆ పూట టీ డబ్బులు ఇవ్వాలి. "ఏం బాలేదు" అన్నా అంతే. ఎన్నో నిమిషంలో, ఎవరు వాయిస్తుండగా, ఏం జరిగిందో చెప్పాలి. మొదటి నెలంతా డబ్బులు నేనే ఇచ్చాను.

మా గుంపు సంగతి చెప్పేస్తాను. ఒకడు మృదంగం నేర్చుకున్నవాడు. ఒక అక్క, వీణ పాఠాలు చెప్తుంది. మా బావ బ్యాంకులో పని, అతనికి సంగీతం రాదు గానీ చెవి మాత్రం పాము చెవి. నాలుగోవాణ్ణి నేను, ఈ కెమెరా నాదే. పాటలు ఇక్కడ వేస్తే కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది, కాబట్టి తాళం వేసి చూపిస్తాను, మీరు తర్వాత వెళ్ళి వినండి.

మేం మొదలుపెట్టింది పియానో వాయించే డేవ్ బ్రూబెక్ 1959 ఆల్బమ్ 'టైమ్ అవుట్'తో. అందులో 'టేక్ ఫైవ్' అనే ముక్క రాసింది బ్రూబెక్ కాదు, సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. పేరులోనే ఉంది, ఐదు మాత్రలు, అంటే తాళంలో ఐదు లెక్కలు. మృదంగం వాడు వినగానే "ఖండచాపు" అన్నాడు, చెయ్యి వేశాడు, రెండు ఆవర్తనాలయ్యాక, అంటే తాళం రెండు చుట్లు తిరిగాక, చెయ్యి ఆగిపోయింది.

(తెర మీద: తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి.)

చూడండి. మన ఖండచాపు తక తకిట, అంటే రెండు, మూడు. ఇక్కడ పియానో తకిట తక అంటోంది, మూడు, రెండు. లెక్క ఐదే, కానీ బరువు పడే చోటు మారింది. ఇది పట్టుకున్నాక దాదాపు రెండో నిమిషం దగ్గర డ్రమ్స్ సోలో మొదలవుతుంది, అక్కడ జో మొరెల్లో ఇష్టమొచ్చినట్టు కొడుతున్నట్టు ఉంటుంది గానీ వెనకాల పియానో ఆ తకిట తక వదలకుండా పట్టుకునే ఉంటుంది, దాని మీద చెవి పెట్టండి, తప్పిపోరు. కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనంలో పక్కన కూర్చున్న గాయకుడు తాళం వేస్తూ ఉంటాడే, ఆ పని ఇక్కడ పియానో చేస్తోంది. ఆ ఆదివారం మావాడు చెప్పింది ఇంతే, వాడి టీ డబ్బులు మిగిలాయి.

అదే ఆల్బమ్‌లో మొదటి ముక్క తొమ్మిది మాత్రలది. తక దిమి తక తకిట, మన సంకీర్ణం, అంటే తొమ్మిది, లెక్కే. బ్రూబెక్ దాన్ని 1958లో టర్కీలో వీధి వాయిద్యగాళ్ళ దగ్గర విన్నాడు. అదే యాత్రలో మన దేశానికీ వచ్చాడు.

సరే, ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఇదీ 1959దే, న్యూయార్క్‌లో పాత చర్చిని స్టూడియోగా మార్చారు, 'టైమ్ అవుట్' రికార్డు చేసిందీ అందులోనే. మార్చి 2న కొంత, ఏప్రిల్ 22న కొంత, రెండు రోజుల్లో అయిపోయింది. మొదటి ముక్క 'సో వాట్'. విన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "ఒరే, ఇది ఖరహరప్రియ రాగం కదరా" అంది. స్వరాల వరకూ నిజమే. పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరాల వరస మన 22వ మేళకర్త రాగం ఖరహరప్రియ స్వరాలే. కానీ తర్వాత ఆవిడే, "గమకం ఒక్కటి లేదు, ఏదో ఇస్త్రీ చేసినట్టుంది, దీన్ని ఖరహరప్రియ అంటే త్యాగరాజు ఊరుకోడు" అంది. గమకం అంటే స్వరాన్ని ఊపడం, పియానోలో అది ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి.

నాకు మాత్రం ఇంకో చోట తేడా కొట్టింది. బాగా పోతోంది అనుకుంటుండగా మొత్తం పాట అర స్వరం పైకి లేస్తుంది. నా ఫోన్‌లో ఫైల్ పాడైందనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను, నిజంగా. మనకి శ్రుతి ఒకసారి పెట్టుకున్నాక కచేరీ అయ్యేదాకా కదలదు, అందుకే ఇది ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. కావాలనే అలా చేశారు. ఎనిమిది లెక్కల ఆదితాళం వేసుకుంటూ వినండి: ఎనిమిది ఆవర్తనాలు కింద, నాలుగు పైన, మళ్ళీ నాలుగు కింద. పదహారు. ఈ చక్రం పాట అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది, దాని మీద ఒకరి తర్వాత ఒకరు, ముందు మైల్స్ ట్రంపెట్, తర్వాత కోల్ట్రేన్ సాక్సోఫోన్, తర్వాత ఆడర్లీ సాక్సోఫోన్, చివరికి బిల్ ఎవాన్స్ పియానో. మొదట్లో అందరూ కలిసి వాయించే ట్యూన్‌ని వాళ్ళు హెడ్ అంటారు, మన పల్లవి అనుకోండి, చివర్లో దానికే తిరిగొస్తారు. మధ్యలో ఉన్నదంతా కల్పన. స్వరకల్పనలో మనవాళ్ళు అప్పటికప్పుడు స్వరాలు అల్లి, ఎడుపుకి, అంటే పల్లవి ఎత్తుకునే చోటుకి, వచ్చి దిగుతారు కదా, ఇక్కడ దిగే చోటు ఆ పదహారు ఆవర్తనాల చక్రం. శ్రుతి లేచిందంటే చక్రంలో సగం దాటామన్నమాట. నేను దాన్ని తప్పనుకుంటే అదే దారి చూపించే గుర్తు!

బావ పట్టుకున్నది ఇంకోటి. ఒకటిన్నర నిమిషం దగ్గర, హెడ్ అయిపోయి మైల్స్ మొదలుపెట్టే క్షణంలో డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ తాళం చిప్ప మీద ఒక్క దెబ్బ కొడతాడు, అది గదంతా పాకి నెమ్మదిగా ఆరిపోతుంది. "ఆ చిప్ప ఆరిపోయేదాకా నేను ఊపిరి తీసుకోలేదు" అన్నాడు బావ. సంగీతం రానివాడి మాట ఇది.

అక్క ఆ వారం ఇంకో తగాదా పెట్టింది. ఆవిడ దగ్గరున్నది ఎవరో పాత ఎల్పీ నుంచి ఎక్కించిన కాపీ, నా దగ్గరున్నది కొత్తది. వీణ తీగ శ్రుతి చేసి కలిపి చూస్తే నాది కలుస్తోంది, ఆవిడది కొంచెం పైన ఉంది. ఎల్పీ రికార్డు తిప్పే మోటారు తప్పన్నాడు మృదంగం వాడు. అసలు సంగతి ఏమిటంటే, మార్చి 2న టేప్ మిషన్ నెమ్మదిగా తిరిగింది, అందుకని మామూలు వేగంలో వేస్తే ఆ రోజు రికార్డు చేసిన మొదటి మూడు ముక్కలూ ఉండాల్సిన దానికన్నా కాస్త పై శ్రుతిలో పలుకుతాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా అలాగే విన్నది, 1990లలో గానీ సరిదిద్దలేదు. ఎంతమంది ఆ రికార్డుతో పాటు వాయించి, తమ వాద్యమే తప్పనుకుని ఉంటారో! కాబట్టి ఆల్బమ్ గురించి వాదించుకునే ముందు ఎవరి దగ్గర ఏ ముద్రణ ఉందో అడగండి.

సాక్సోఫోన్ మనది కాదుగా అనేవాళ్ళకి ఒక మాట. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పింది వయొలిన్. అది యూరప్ నుంచి వచ్చిన వాద్యమని ఇక్కడ ఎవరికీ గుర్తు కూడా రాదు. కద్రి గోపాల్‌నాథ్ గారు సాక్సోఫోన్‌తో కర్ణాటక సంగీతం వాయించి అదే చేశారు. జాజ్ సాక్సోఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్పతో కలిసి ఆయన వాయించిన 'కిన్స్‌మెన్', 2008ది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ముందు అది వినిపించండి.

(తెర మీద: బల్ల మీద ప్రింటు తీసిన కాగితం, పక్కన పెన్సిలు.)

చివరగా ఈ వారం ఆల్బమ్. జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్', 1964 డిసెంబర్ 9న రికార్డు చేశారు, నాలుగు భాగాలు. నేను ఇంతసేపూ తాళం వేయండి, వేయండి అన్నానా, నాలుగో భాగంలో చెయ్యెత్తితే వేయడానికి తాళమే లేదు. నాలుగుసార్లు విన్నా నాకు ఏమీ దొరకలేదు, టీ డబ్బులకి సిద్ధమైపోయాను. ఆ ఆల్బమ్ అట్ట మీద కోల్ట్రేన్ రాసుకున్న ఒక ప్రార్థన ఉంటుంది. నాలుగో భాగంలో సాక్సోఫోన్ దాన్నే చదువుతోంది, మాట మాటకీ, నోరు తెరవకుండా. మన నాటకాల్లో హార్మోనియం శ్రుతి మీద పద్యం ఎత్తుకుంటారు చూడండి, తాళం ఆపేసి, మాటని ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీస్తూ, అదీ పద్ధతి.

బావ ఆ కాగితం ప్రింటు తీసి, పెన్సిలుతో ఒక్కో మాట కిందా గీత గీసుకుంటూ విన్నాడు. మూడుచోట్ల తప్పిపోయానని ఒప్పుకున్నాడు. ఆ మూడు చోట్లూ ఎక్కడో ఆదివారం చూపిస్తానన్నాడు. నేను ఇంకా ఒక్కచోటే పట్టుకున్నాను, ఈ లోపల మీకు దొరికితే నిమిషం, సెకనుతో సహా కింద రాయండి, "సూపర్" అని మాత్రం రాయకండి, టీకి పిలుస్తాను.