చెట్టు లేని మైదానం మీదుగా

శ్రోతలకు నమస్కారం.

చూడముచ్చటైన రైలు ప్రయాణం అనగానే మన మనసులో కొండలు, సొరంగాలు, జలపాతాలు మెదులుతాయి. ఈ పూట నేను చెప్పబోయే ప్రయాణం నడుమ ఒక మైదానంలో చెట్టూ లేదు, ఏరూ లేదు, కనుచూపు మేరలో గుట్ట కూడా లేదు. అయినా, లేక అందుకేనేమో, ఆ ప్రయాణంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అదేనని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో పసిఫిక్ తీరాన ఉన్న సిడ్నీ నుంచి హిందూ మహాసముద్రం వైపున్న పెర్త్ వరకు నడిచే రైలుకు రెండు సముద్రాల పేర్లూ కలిపి ఇండియన్ పసిఫిక్ అని పెట్టారు. 4,352 కిలోమీటర్ల ఆ దారిలో మూడు రాత్రులు రైల్లోనే గడుస్తాయి. ఈ రైలు 1970 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకుముందు ఒక్కో రాష్ట్రం ఒక్కో వెడల్పున పట్టాలు వేసుకున్నందువల్ల, ఖండం దాటదలచినవారు పెట్టేబేడా మోసుకుంటూ రైలు తరువాత రైలు మారవలసి వచ్చేది. బ్లూ మౌంటెన్స్, బ్రోకెన్ హిల్ గనులు, అడిలైడ్ నగరం దాటి, ఊల్డియా దగ్గర ఇసుక దిబ్బలు కూడా అయిపోయాక నల్లర్‌బోర్ మైదానం మొదలవుతుంది. లాటిన్‌లో ఆ మాటకు చెట్టు లేనిదని అర్థం. ఇక్కడ పట్టాలు 478 కిలోమీటర్ల పొడవునా ఒక్క మలుపు లేకుండా సాగుతాయి. ప్రపంచంలో ఇంత పొడవైన తిన్నని రైలు దారి మరొకటి లేదు.

ఒకనాడు ఈ నేల సముద్రగర్భం. అందుకే ఇదంతా సున్నపురాయి. కురిసిన కాస్త వాన పగుళ్లలోంచి కిందికి ఇంకిపోయి, భూమి లోపల గుహలను తొలుస్తుందే తప్ప పైన పారదు. పారే ఏరు లేదు కనుక వంతెన అక్కర్లేదు, అడ్డు వచ్చే గుట్ట లేదు కనుక మలుపూ అక్కర్లేదు. మొదటి గంటలో కిటికీ దగ్గర కూర్చున్న కన్ను విసుగుపడుతుంది. ఆ తరువాత, ఒకే బూడిదరంగుగా తోచిన నేలలో సాల్ట్‌బుష్ అనే ఉప్పుపొదల లేతపచ్చ వేరు, మధ్యలో బయటపడే మట్టి ఎరుపు వేరు అని తెలిసివస్తుంది. పొద్దు వాలేకొద్దీ రైలు నీడ మైదానం మీద బారెడు బారెడుగా సాగుతుంది. నీడ పడటానికి అక్కడ మరేదీ లేదు మరి. ఇంజను నడిపేవారికి మాత్రం ఈ తిన్నదనమే ప్రమాదం. వారు మెలకువగా ఉన్నట్టు చూపడానికి ఎప్పటికప్పుడు ఒక బటన్ నొక్కుతూ ఉండాలి, నొక్కకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి.

ఈ దారి కథంతా నీటి కథే. మైదానం మీదుగా పోయే ఈ భాగాన్ని 1912లో మొదలుపెట్టి, రెండు కొసల నుంచీ పట్టాలు వేసుకుంటూ వచ్చి, 1917 అక్టోబరు 17న ఊల్డియా దగ్గర కలిపారు. ఇక్కడి భూగర్భజలం ఉప్పన. అది ఆవిరి ఇంజన్ల బాయిలర్లను తినేసేది. ఎడారి ఆదివాసులు ఎంతో దూరం నుంచి నడిచి వచ్చి తరతరాలుగా దాహం తీర్చుకున్న ఊల్డియా మంచినీటి ఊటను రైల్వే కొన్నేళ్లు ఎడతెగకుండా తోడింది. 1926 నాటికి ఆ ఊట చెడిపోయింది. ఈ ప్రయాణం అందాన్ని మెచ్చుకునేవారు ఆ ఊట మాట కూడా తలచుకోవడం న్యాయం. 1951లో డీజిల్ ఇంజన్లు వచ్చాకనే రైలుకు నీటి బెంగ తీరింది.

మైదానం నడుమ కుక్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ బడి, ఆసుపత్రి, ఈతకొలను కూడా ఉండేవి. టీ అండ్ షుగర్ అని పిలిచే సరుకుల రైలు 1917 నుంచి 1996 వరకు ఇలాంటి ఊళ్లకు కూరగాయలు, మాంసం, జీతాలు మోసుకొచ్చేది. డిసెంబరులో అందులోనే క్రిస్మస్ తాత కూడా దిగేవాడు. 1997లో కుక్ దాదాపు మూతపడింది. రేకులతో కట్టిన రెండు చిన్న జైలు గదులు మాత్రం పట్టాల పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. నలువైపులా వందల కిలోమీటర్లు ఏమీ లేనిచోట ఖైదీ తప్పించుకుని ఎటు పోగలడని వాటికి తాళాలు వేశారో!

మైదానం అయిపోయాక నునుపైన గులాబీరంగు బోదెల సాల్మన్ గమ్ చెట్లు ఒకటొకటిగా కనిపించి, ఆపైన బంగారు గనుల ఊరు కాల్‌గూర్లీ వస్తుంది. ఆ ఊరికీ సొంత నీళ్లు లేవు. పెర్త్ పక్కనున్న కొండల్లో ఆనకట్ట కట్టి, ఎనిమిది చోట్ల ఆవిరి పంపులు పెట్టి, 500 కిలోమీటర్లకు పైగా ఉక్కు గొట్టంలో 1903లో నీళ్లు తెచ్చారు. ఆ గొట్టం నేటికీ పనిచేస్తోంది. రైలు పడమరగా సముద్రం వైపు సాగిపోతుంటే, ఆ నీళ్లు దానికి ఎదురుగా తూర్పుకు, మనం విడిచివచ్చిన ఎండునేల వైపు ప్రవహిస్తుంటాయి.