మా బూత్ లెక్క మీకెందుకు?

(జాతీయ ఓటర్ల దినోత్సవం రోజు అనంతపురం జిల్లా ఉరవకొండలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న కాలేజీ పిల్లలకు, వెనక నిలబడి ఈయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తున్న నా పాత శిష్యులకు నమస్కారం. శాలువా వద్దన్నాను, అయినా కప్పారు. సరే.

1950లో జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడింది. అందుకని 2011 నుంచి ఈ రోజును ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. కొత్త ఓటర్లకు కార్డులిస్తాం, ప్రతిజ్ఞ చేయిస్తాం, ఇంటికి పోతాం. ఓటేయండి అని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. బెంగళూరు నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చి, ఓటేసి, మళ్లీ పనికి పరిగెత్తే జనం మనది. నేను మాట్లాడేది ఓటేసిన తర్వాత సంగతి, మన ఓట్లను బూత్‌ల వారీగా లెక్కబెట్టి బయటపెట్టడం గురించి.

దానికంటే ముందు ఒక మాట, చాలా రోజులుగా కడుపులో ఉంది. ఉరవకొండ అనగానే టీవీ వాళ్లు 'సెంటిమెంట్' అంటారు. ఇక్కడ గెలిచిన పార్టీ అధికారంలోకి రాదంట. 1999లో కాంగ్రెస్‌ను గెలిపించాం, రాష్ట్రంలో తెలుగుదేశం వచ్చింది. 2004లో, 2009లో తెలుగుదేశం గెలిస్తే అక్కడ కాంగ్రెస్. 2014లో ఇక్కడ వైసీపీ, అక్కడ తెలుగుదేశం. 2019లో అదే తిరగబడింది. 2024లో ఆ లెక్క తప్పింది, మన ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ఆర్థిక మంత్రి కూడా అయ్యారు. మరి 1994లో? అప్పుడు ఇక్కడ గెలిచిందీ, రాష్ట్రాన్ని ఏలిందీ ఒకే పార్టీ. అది మాత్రం ఎవరికీ గుర్తురాదు. శాపమేంది సామీ? ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు, కూడేరు, బెళుగుప్ప, ఈ ఐదు మండలాల రైతులు, నేతగాళ్లు రాజధానిలో ఎవరు కూర్చుంటారో అంజనం వేసి చూసి ఓటేస్తారా?

ఈ జిల్లా ఎప్పుడూ తనకు తోచినట్టే ఓటేసింది. 1952లో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిని గెలిపించింది. ఓడింది ఎవరు? ఆయన సొంత బావ నీలం సంజీవరెడ్డి, తర్వాత రాష్ట్రపతి అయినాయన. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు... ఇది మొదలుపెడితే రాత్రవుతుంది. వద్దు.

అసలు సంగతికి వస్తాను. ఊరు చెప్పను, పార్టీ చెప్పను. ఏ పార్టీ అయినా ఇంతే. ఎన్నికలయ్యాక ఒక ఊళ్లో నీళ్ల పైపు వేస్తూ వచ్చి ఒక వీధి మొదట్లో ఆపేశారు. ఆడవాళ్లు పోయి అడిగారు. "మీ బూత్‌లో మాకు లీడ్ రాలేదు కదమ్మా, వచ్చినోళ్లకు వేసినాక చూద్దాం" అన్నాడు గెలిచిన నాయకుడు. ఆ వీధిలో ఒక ముసలామె నా దగ్గరికొచ్చి అడిగింది: "మేం ఎవురికి ఏసింటిమో మాకే మరుపొచ్చె, ఆయప్పకెట్ల తెలిసె సార్?"

ఏం చెప్పాలి ఆమెకు? నువ్వు ఎవరికేశావో చెప్పమని కోర్టు కూడా బలవంతం చేయకూడదని చట్టంలో రాసుంది. కానీ వీధి మొత్తం ఎటు వేసిందో ఫారం-20 అనే ఫలితాల పత్రంలో బూత్‌ల వారీగా అచ్చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. ఆ నాయకుడికి ఓటేసిన ఇళ్లూ ఆ వీధిలో ఉన్నాయి. వాళ్లకూ నీళ్లు లేవు. నేను నీకే వేశానని ఎట్లా రుజువు చేస్తారు? ఆ తర్వాత వీధిలో వీధికే పడలేదు. ఈ కులమోళ్లే వేసుండరని వాళ్లు, ఆ కులమోళ్లే ముంచినారని వీళ్లు. కుళాయి కాడ మొదలైన గొడవ పెళ్లి పిలుపుల దాకా పోయింది. నాయకుడు హాయిగా ఉన్నాడు.

పిల్లలూ, మీకు తెలియదు. కాగితం బ్యాలెట్ల కాలంలో లెక్కింపు హాల్లో చాలా బూత్‌ల కాగితాలు డ్రమ్ముల్లో పోసి కలిపేవాళ్లు. ఏది ఏ వీధి ఓటో దేవుడికి కూడా తెలిసేది కాదు. 2004 నుంచి అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు రాష్ట్రమంతా యంత్రాలే. నేను యంత్రాన్ని తిట్టడం లేదు, దయచేసి అట్లా రాయొద్దు విలేకరులూ! ఒక్కో యంత్రాన్నీ విడిగా లెక్కబెట్టడాన్ని తిడుతున్నాను.

దీనికి మందు ఉంది. టోటలైజర్ అనే పరికరం. పద్నాలుగు యంత్రాల దాకా ఒకేసారి కలిపి మొత్తం మాత్రమే చూపిస్తుంది. దీన్ని వాడనివ్వమని ఎన్నికల సంఘమే 2008లో కేంద్రాన్ని అడిగింది. 2015లో చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ కూడా పెట్టమంది. కేంద్రం ఒప్పుకోలేదు. ఎందుకో తెలుసా? బూత్‌ల వారీగా తెలిస్తే ఎక్కడ ఇంకా పని చేయాలో పార్టీలకు అర్థమవుతుందంట! ఎక్కడ పని ఆపాలో అర్థమవుతోందయ్యా. ఆ ముసలామెను ఢిల్లీ తీసుకుపోయి ఒక్క మాట అడిగించాలనిపిస్తుంది నాకు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, టైమైందని. చూశాను, చూశాను. ఎన్నికల సంఘానికీ, మన ఎంపీకీ అర్జీ రాసుకొచ్చాను. ఆ మూల బల్ల మీద ఉంది. టిఫిన్‌కు పోయేముందు సంతకం పెట్టండి. ఇక్కడ రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు, ముఖాలు చూస్తుంటే తెలుస్తోంది. గెలిచిన వాళ్లు ముందు రండి. వచ్చేసారి మీకే అక్కరకొస్తుంది. పెన్ను నా దగ్గరుంది.