ఆపరేషనా, కరెంటా, కొన్నాళ్లు ఆగడమా: ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఈ వారం చర్చలో ఒక యూరాలజిస్టు, రేడియేషన్ చికిత్సలో నిపుణురాలైన ఒక వైద్యురాలు, ఏడాదిన్నర క్రితం ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడిన ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, ఆయన సతీమణి పాల్గొంటున్నారు. పేర్లు చెప్పవద్దని ఆ దంపతులు కోరారు కాబట్టి మాస్టారూ, అమ్మా అనే పిలుస్తాను. మాస్టారూ, రిపోర్టు చేతికి వచ్చిన రోజు నుంచి మొదలుపెడదాం.

మాస్టారు: ఆ రిపోర్టు నా చేతికి రాలేదండి, మా చిన్నవాడి ఫోనుకు వచ్చింది. వాడు హాస్పిటల్ మెట్ల మీద నిలబడి డాలస్‌లో ఉన్న అన్నతో అరగంట మాట్లాడి, నా దగ్గరకు వచ్చి 'ఏం లేదు నాన్నా, చిన్న గడ్డ' అన్నాడు. అప్పటికి నా వయసు 67, రక్తంలో పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ప్రోటీను, 8.2. అన్నదమ్ములిద్దరూ రోబో ఆపరేషన్‌కు తేదీ కూడా ఖాయం చేసుకున్నాక, మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అసలు సంగతి చెప్పింది.

మాస్టారి భార్య: నలభై రెండేళ్లుగా ఆయనకు తెలియకుండా నేను దాచింది పోపులపెట్టెలో డబ్బులు తప్ప మరొకటి లేదు. ఇంత పెద్ద విషయం దాచి పక్కన కూర్చుని అన్నం వడ్డించడం నా వల్ల కాలేదు.

యూరాలజిస్టు: మా గదిలో తరచూ జరిగేదే ఇది. కొడుకు ముందుగా లోపలికి వచ్చి, 'నాన్నగారి ఎదుట ఆ మాట అనకండి డాక్టర్ గారూ' అంటాడు. ప్రేమతోనే అంటాడు, కాదనను. అయితే ఈ జబ్బుకు ఏ చికిత్స ఎంచుకున్నా దాని ప్రభావం మూత్రం మీదో, మలద్వారం మీదో, దాంపత్యం మీదో పడుతుంది. అందులో తాను దేన్ని భరించగలడో చెప్పవలసినవాడు ఆ రోగి ఒక్కడే, ఆయన్నేమో వరండాలో కూర్చోబెడతాం.

సమన్వయకర్త: బయాప్సీలో, అంటే గ్రంథి నుంచి ముక్క తీసి చేసే పరీక్షలో, జబ్బు తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు అని ఒకటి రాస్తారు. అది చూసి మీరు డాక్టరుతో వాదనకు దిగారట?

మాస్టారు: దిగాను. నాది 3+4, మొత్తం 7. పక్క మంచం ఆయనది 4+3, అదీ 7. ఆయనకు రేడియేషన్‌తో పాటు హార్మోను ఇంజెక్షన్లు రాశారు, నాకు రాయలేదు. కూడికలో సంఖ్యల స్థానం మార్చినా మొత్తం మారదని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా?

యూరాలజిస్టు: (నవ్వుతూ) అక్కడ లెక్కల సూత్రం పనిచేయదు. మైక్రోస్కోపు కింద ఎక్కువ భాగంలో కనిపించిన తీరుకు మొదటి అంకె, రెండో స్థానంలో ఉన్న తీరుకు రెండో అంకె వేస్తారు. 4 అంటే కణాలు గ్రంథి ఆకారం కోల్పోయి కలగాపులగంగా ఉన్నాయని అర్థం. కాబట్టి 4 ముందు రావడం వేరు, వెనక రావడం వేరు. మరో గందరగోళం కూడా ఉంది: ఆచరణలో ఈ స్కోరు 6 నుంచే మొదలవుతుంది. పదికి ఆరు వచ్చిందంటే జబ్బు సగం దాటిపోయిందని కుటుంబాలు ఏడుస్తాయి. నిజానికి అది అన్నిటికన్నా నెమ్మదైన రకం, దానికి చాలామందిలో వెంటనే చికిత్సే అక్కరలేదు.

సమన్వయకర్త: క్యాన్సరని తెలిశాక చికిత్స చేయకుండా ఉండడమా? వింటున్నవాళ్లు ఉలిక్కిపడతారు.

రేడియేషన్ వైద్యురాలు: వదిలేయడం వేరు, కనిపెట్టి ఉండడం వేరు. నిర్ణీత గడువుల్లో పీఎస్‌ఏ, అవసరమైనప్పుడు ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ చేస్తూ, జబ్బు ముదిరే సూచన కనిపిస్తే అప్పుడు చికిత్స మొదలుపెడతాం. బ్రిటన్‌లో 1999 నుంచి 2009 వరకు జబ్బు గ్రంథి దాటని 1,643 మందిని చీటీలు తీసినట్టుగా మూడు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి రేడియేషన్ ఇచ్చి, మూడో వర్గాన్ని కనిపెట్టి ఉన్నారు. 2023లో ప్రకటించిన పదిహేనేళ్ల ఫలితాల ప్రకారం ఏ వర్గంలోనైనా ఈ క్యాన్సర్‌తో మరణించినవారు నూటికి ముగ్గురికి అటూఇటూగానే ఉన్నారు. అయితే జబ్బు ఇతర భాగాలకు పాకడం కనిపెట్టి ఉన్నవారిలో నూటికి తొమ్మిది మందిలో, మిగతా రెండు వర్గాల్లో అయిదుగురిలో కనిపించింది. కనిపెట్టి ఉన్నవారిలో సగానికి పైగా పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకున్నారు. వీరిలో అత్యధికులు తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవారే కనుక గ్లీసన్ 8, 9 వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు.

సమన్వయకర్త: అంటే మాస్టారికి ఆలోచించుకునే సమయం ఉంది.

యూరాలజిస్టు: నిశ్చయంగా ఉంది. నాలుగైదు వారాలు ఆలోచించినంత మాత్రాన ఆయనకు పోయేది లేదు. ఆపరేషన్ చేసేవాణ్ణి కనుక దాని కష్టం నేనే చెప్పాలి. వారం పది రోజులు మూత్రపు గొట్టం ఉంటుంది. అది తీశాక దగ్గినా, నవ్వినా, కుర్చీలోంచి లేచినా మూత్రం జారుతుంది. కటి కండరాల వ్యాయామంతో నెలల్లో చాలామందికి అదుపులోకి వస్తుంది, అందరికీ రాదు. ఆ బ్రిటన్ పరిశోధనలోనే ఆపరేషన్ అయినవారిలో సుమారు నాలుగో వంతు మంది పన్నెండేళ్ల తర్వాత కూడా ప్యాడ్ వాడుతున్నారు. రోబో అంటే మనిషి లేకుండా యంత్రమే కోస్తుందని కొందరి భ్రమ. కోసేది సర్జనే. అందుకే యంత్రం సంగతి కన్నా, ఆ సర్జన్ ఇప్పటికి ఎన్ని చేశాడో, అతని రోగులు ఎలా ఉన్నారో అడగడం ఎక్కువ అవసరం.

మాస్టారి భార్య: ఒక్క మాట. దాంపత్యం సంగతి మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఎవరూ అడగలేదు. ఈ వయసులో ఇంకేముంది అన్నట్టు ఆ కాగితంలో ఒక గడి కొట్టేసి ముందుకు వెళ్లారు. అడిగి ఉంటే నేను సమాధానం చెప్పేదాన్ని.

రేడియేషన్ వైద్యురాలు: తప్పు మాదేనమ్మా. ఆపరేషన్‌లో అంగస్తంభనకు అవసరమైన నరాలు దెబ్బతింటే తేడా వెంటనే తెలుస్తుంది, రేడియేషన్‌లో ఏళ్ల మీద నెమ్మదిగా తెలుస్తుంది. రెండు సందర్భాల్లోనూ మాత్రలతో కొంతవరకు సాయం చేయవచ్చు.

సమన్వయకర్త: మాస్టారూ, చివరికి మీరు కరెంటు పెట్టించుకున్నారు.

మాస్టారు: మా ఊళ్లో రేడియేషన్‌ను అలాగే అంటారు. గుండెలో స్టెంటు వేయించుకుని రెండేళ్లే అయింది, మళ్లీ మత్తుకు మనసు ఒప్పలేదు. మొత్తం ఇరవై సిట్టింగులు. బేస్‌మెంట్‌లో గది, బయట బెంచీ మీద వరసగా నాలాంటి ముసలివాళ్లం, అందరి చేతుల్లోనూ అరలీటరు నీళ్ల సీసా. మూత్రాశయం నిండుగా ఉంటేనే పేగులు పక్కకు జరుగుతాయట. తీరా నీళ్లు తాగి సిద్ధమయ్యాక ఒకరోజు యంత్రం మొరాయించింది. ఆ నలభై నిమిషాలు కాళ్లు ముడుచుకుని కూర్చున్న మా అందరి ముఖాలూ ఇప్పటికీ గుర్తే. మూడో వారం నుంచి మంట, రాత్రి ఏడు సార్లు లేవడం; అవి రెండు నెలల్లో తగ్గాయి.

రేడియేషన్ వైద్యురాలు: ఒకప్పుడు దీనికి ఏడెనిమిది వారాలు పట్టేది. ఇప్పుడు చాలామందికి నాలుగు వారాలు, ఎంపిక చేసిన కొందరికి అయిదే సిట్టింగులు చాలు. శ్రీకాకుళం నుంచి విశాఖ అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రికో, పాలమూరు నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో వచ్చి గది అద్దెకు తీసుకునే రైతుకు ఆ తేడా చిన్నది కాదు.

సమన్వయకర్త: జబ్బు ఎముకలకు పాకాక వచ్చేవారి మాటేమిటి?

యూరాలజిస్టు: మన దగ్గర అలాంటివారు ఎక్కువే. నడుము నొప్పి వాతమనుకుని నెలల తరబడి తైలం రాసుకుని వస్తారు. వారికి పురుష హార్మోనును ఆపడమే పునాది; 1941లో హగ్గిన్స్ చూపించిన ఈ మార్గానికే 1966లో నోబెల్ వచ్చింది. చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయవచ్చు, లేదా నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ తీసుకోవచ్చు. ఫలితం ఒకటే. మొదటిదానికి ఖర్చు ఒక్కసారితో సరి, రెండోదాన్ని జీవితాంతం కొనాలి. 2015 తర్వాత వచ్చిన పరిశోధనలను బట్టి దీనికి కీమో గానీ పురుష హార్మోను తయారీని అడ్డుకునే అబిరాటెరోన్ మాత్రలు గానీ జోడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. అయితే కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడినా, మూత్రం బిగుసుకుపోయినా ఇందాక చెప్పిన నాలుగైదు వారాల మాట మరిచిపోండి. వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు, ఆ రోజే ఆస్పత్రికి రావాలి.

మాస్టారు: ముగించే ముందు నాదొక సొంత ప్రశ్న. నా పీఎస్‌ఏ 0.4కు దిగింది. పోయిన నెల 0.7 అయింది. పెద్దవాడు అప్పుడే టికెట్ చూస్తున్నాడు.

రేడియేషన్ వైద్యురాలు: రేడియేషన్ తర్వాత మొదటి రెండు మూడేళ్లలో అది కొంచెం ఎగిరి మళ్లీ దిగడం మామూలే. మీకు వచ్చిన అతి తక్కువ విలువ మీద 2 పెరిగితే, అంటే 2.4 చేరితే, జబ్బు తిరగబెట్టిందేమోనని చూస్తాం. మూడు నెలలకు అదే ల్యాబులో మళ్లీ చేయించండి. మీ అబ్బాయి మిమ్మల్ని చూడడానికైతే తప్పకుండా రమ్మనండి, 0.7 కోసమైతే అక్కరలేదు.

మాస్టారి భార్య: చూడడానికనే చెబుతాను. వాడు వచ్చి రెండేళ్లయింది.