డెలిగేట్ పనైపోయిందా? మీ యాప్ కోడ్ తెరిచి చూసి చెప్పండి!

నమస్తే అండీ, సూటిగా విషయానికి వచ్చేస్తా. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్ల మధ్య ఆ పాత గొడవ మళ్లీ రాజుకుంది, చూసే ఉంటారు. స్క్రీన్లు రాయడానికి స్విఫ్ట్‌యూఐ అనే కొత్త పద్ధతి వచ్చాక కూడా రెండో స్క్రీన్ నుంచి మొదటి స్క్రీన్‌కి డేటా పంపడానికి డెలిగేట్ (ఏదైనా జరిగితే ఎవరికి కబురు పంపాలో ముందే చెప్పి ఉంచే పద్ధతి) ఏంటి, ఒక క్లోజర్ (తర్వాత పిలవమని చేతికిచ్చే చిన్న కోడ్ ముక్క) పడేస్తే పోలా, ఫ్రెషర్ల టైం ఎందుకు వేస్ట్ చేస్తారు అంటున్నారు. నేను గట్టిగా చెప్తున్నా, డెలిగేట్ పని అయిపోలేదు. అయిపోయిందనేవాళ్ల యాప్‌లోనే అది రోజూ పనిచేస్తోంది!

ఆపిల్ స్విఫ్ట్‌యూఐని, డేటా మార్పుల్ని కనిపెట్టే కంబైన్‌ని రెండూ తెచ్చింది 2019లో. సరిగ్గా ఆ మరుసటి ఏడాది ఐఓఎస్ 14తో ఫోటోలు ఎంచుకోవడానికి పీహెచ్‌పికర్ అని కొత్తది ఇచ్చింది. పాతది కాదండీ, కొత్తది. యూజర్ ఎంచుకున్న ఫోటోలు మన స్క్రీన్‌కి ఎలా వస్తాయి? డెలిగేట్‌తో! 2022లో ఐఓఎస్ 16 వచ్చేదాకా దాన్ని స్విఫ్ట్‌యూఐలో పెట్టాలన్నా మధ్యవర్తిగా కోఆర్డినేటర్ అని ఒక క్లాస్ రాసి, దాన్నే డెలిగేట్‌గా కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఇంకెక్కడ పోయింది?

అసలు జనానికి కోపం డెలిగేట్ మీద కాదు, ఒక ప్రశ్నార్థకం మీద. ఇది నా థియరీ, ఎవరు ఒప్పుకోకపోయినా సరే. ఒక ఆర్డర్ స్క్రీన్ ఉంది, అక్కడ నొక్కితే అడ్రస్‌ల స్క్రీన్ వస్తుంది. యూజర్ మియాపూర్ అడ్రస్ మీద నొక్కాడు, వెనక్కి వచ్చాడు, లేబుల్ మాత్రం ఇంకా "అడ్రస్ ఎంచుకోండి" అనే చూపిస్తోంది. క్రాష్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఎందుకంటే మనం డెలిగేట్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఫంక్షన్‌ని పిలిచాం, అక్కడ నిల్ ఉంటే, అంటే డెలిగేట్‌గా ఎవరూ లేకపోతే, స్విఫ్ట్ భాష ఆ లైన్‌ని చప్పుడు చేయకుండా దాటేసి పోతుంది. డెలిగేట్ ఈక్వల్స్ సెల్ఫ్, అంటే కబురు నాకే పంపు అని రాశాను కదా అంటారు. రాశారు, కానీ స్క్రీన్ మారే ముందు నడిచే ప్రిపేర్ ఫర్ సెగ్‌లో. ఆ సెగ్ (స్క్రీన్ మార్పు) వెళ్లేది స్క్రీన్లని తనలో పెట్టుకునే నేవిగేషన్ కంట్రోలర్‌కి, మీ అడ్రస్ స్క్రీన్ దాని లోపల ఉంది. వచ్చింది అడ్రస్ స్క్రీనేనా అని ఇఫ్ లెట్‌లో చూసే కాస్ట్ ఫెయిలైంది, ఆ బ్లాక్ నడవనే లేదు. ఇక రాత్రంతా టెన్షన్, చివరికి తిట్లు మాత్రం డెలిగేట్‌కి!

ఇంకో బ్యాచ్ ఉంది, స్క్రీన్ కనపడబోయే ముందు నడిచే వ్యూ విల్ అప్పియర్‌లో రీఫ్రెష్ చేసుకుంటాం, ఇదంతా మాకెందుకు అంటారు. ఐఓఎస్ 13లో ఏమైంది మరి? మామూలుగా ప్రెజెంట్ చేసిన స్క్రీన్ కార్డులా పైకి రావడం మొదలైంది, కింద ఉన్న స్క్రీన్ అసలు పోనే పోదు కాబట్టి కార్డు మూసినా దాని వ్యూ విల్ అప్పియర్ పిలవదు. ఆ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ల లిస్టులు పాత డేటాతోనే ఉండిపోయాయి. డెలిగేట్‌తో కబురు పంపినవాళ్లకి ఏమీ కాలేదు.

క్లోజర్ చెడ్డదని నేననను. ఒక్క జవాబు వెనక్కి రావాలంటే అదే హాయి. కానీ అదే అడ్రస్ స్క్రీన్‌లో ఎంచుకోవడం, మార్చడం, తీసేయడం మూడూ ఉంటే? ఆప్షనల్ క్లోజర్లు మూడు పెట్టి, ఒకటి ఇవ్వడం మర్చిపోతే కంపైలర్ నోరు మెదపదు. డెలిగేట్ ఏ ఫంక్షన్లు రాయాలో చెప్పే ప్రోటోకాల్‌లో మూడు ఫంక్షన్లు పెట్టండి, ఒకటి రాయకపోతే బిల్డే అవ్వదు. నోటిఫికేషన్ సెంటర్ వాడేవాళ్లకైతే దండం, రెండు స్క్రీన్ల మధ్య మాటకి ఊరంతా దండోరా వేయిస్తారా?

ఇప్పుడే మీ ప్రాజెక్ట్ తెరవండి. అడ్రస్ స్క్రీన్ లాంటి స్క్రీన్లలో, డెలిగేట్ లేకపోతే పనే జరగని చోట, స్క్రీన్ లోడ్ అవ్వగానే నడిచే వ్యూ డిడ్ లోడ్‌లో డెలిగేట్ నిల్ కాదని ఒక అసర్ట్ (తప్పైతే యాప్‌ని అక్కడే ఆపేసే చెక్) పెట్టండి. డీబగ్ బిల్డ్‌లో తప్పు అక్కడికక్కడే కనపడుతుంది. ప్రోటోకాల్‌కి ఎనీఆబ్జెక్ట్ తగిలించి, ఆ డెలిగేట్ వేరియబుల్ ముందు వీక్ రాయండి, స్క్రీన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని మెమరీలో ఉండిపోకుండా. తర్వాత స్క్రీన్ మెమరీలోంచి పోయేటప్పుడు నడిచే డీఇనిట్‌లో ఒక ప్రింట్ పెట్టి, స్క్రీన్‌లోకి వెళ్లి వెనక్కి రండి. ప్రింట్ రాలేదా? ఆ స్క్రీన్‌ని ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు. ఆ కోడ్ కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో లైన్ లైన్ చూద్దాం.