ముక్కు మూసుకుపోయి పదికి నాలుగిచ్చాను, మళ్ళీ తింటున్నా: బరంపురం పఖాళ రివ్యూ

నమస్కారమండీ, ఒడిశాలోని బరంపురం నుంచి. కిందటి నెల ఇదే బల్ల దగ్గర కూర్చుని ఈ పఖాళకి పదికి నాలుగు మార్కులు వేశాను. మీరు నన్ను ఉతికి ఆరేశారు. ఒప్పుకుంటున్నా, తప్పు నాదే. ఆ రోజు విపరీతమైన జలుబు.

ఇదిగో చూడండి. రాత్రి నీళ్ళలో నానేసి పులిసిన అన్నం, మనింట్లో చద్దన్నం. పక్కన బడీ చూరా. అంటే మినప వడియాలు వేయించి, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరపకాయతో చిదిమి, పైన పచ్చి ఆవనూనె చుక్కలు. ఇంకా ఓ చేప ముక్క.

ముందు ముక్కు గట్టిగా మూసుకుని తింటా... ఊఁ. ఉప్పు, పులుపు తెలుస్తున్నాయి. ఏదో కరకరమంటోంది, వడియమో మరమరాలో చెప్పలేను. ఇప్పుడు వదుల్తున్నా... అబ్బా! వెల్లుల్లి, వేగిన మినప్పప్పు, ఆవనూనె, అన్నీ ఒక్కసారే గొంతు వెనకనుంచి పైకొచ్చాయి!

నాలుకకి తెలిసేవి అయిదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల పులుసులో ఉండే కమ్మదనం). ఆ అయిదోదాన్ని 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా కనిపెట్టాడు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నాలుక కబురు మెదడు కాండం మీదుగా థాలమస్ అనే మెదడు జంక్షన్‌కి, అక్కణ్ణుంచి రుచిని గుర్తించే ఇన్సులా అనే భాగానికి పోతుంది. వాసనది వేరే దారి. రెండూ కళ్ళకి పైన, నుదుటి వెనకుండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌లో కలుస్తాయి. మనం 'రుచి' అనేది అక్కడ తయారవుతుంది. తలలో జరిగేది నోట్లో జరిగినట్టుంటుంది, చూడండి ఆ చిత్రం.

మరి కారమో? ఉగాది పచ్చడిలో ఉందిగా అంటారు. ఉంది, కానీ నాలుక అయిదింటిలో లేదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే మోగే గంటలాంటి గ్రాహకం ఒకటి నరాల్లో ఉంది, టీఆర్‌పీవీ1 అని. మిరపకాయ దాన్నే మోగిస్తుంది. మెదడు నోరు కాలిందనుకుంటుంది. ఆ గంటని 1997లో పట్టుకున్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. నా ముక్కు కారుతోంది, ఈసారి జలుబు కాదు!

ఒక్కమాట, బడీ చూరా అన్నంలో కలపకండి, నంజుకోండి. కరకర కూడా రుచిలో భాగమే. ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్ అనే పరిశోధకుడి వాళ్ళు చిప్స్ నమిలే చప్పుడు హెడ్‌ఫోన్‌లో పెంచి వినిపిస్తే, అవే చిప్స్ తాజాగా ఉన్నాయన్నారు తిన్నవాళ్ళు.

సగం గిన్నె అయిపోయింది, మొదటి ముద్దలో ఉన్న మజా ఇప్పుడు లేదు. వంట మారలేదు, నేనే మారాను. తిన్నదాని మీదే మోజు తగ్గుతుంది, కొత్తదాని మీద కాదు. అందుకే... భయ్యా, ఛెనాపోడ ఒకటి! (పాలవిరుగుడుని కాల్చి చేసే తీపి.) ఇక్కడ నేను ఒడియాలో అడిగితే ఆయన తెలుగులో "మాడింది కావాలా, మెత్తంది కావాలా" అంటాడు. మాడిన అంచే కావాలి. తీపికి వేరే పొట్టుంటుందని మా అమ్మంటుంది. పొట్ట కాదమ్మా, మెదడు.

సరే, మార్కులు. పఖాళకి ఎనిమిది, బడీ చూరాకి తొమ్మిది. చేప ముక్కకి అప్పుడు అయిదిచ్చాను, ఇప్పుడు మూడే. ముక్కు తెరుచుకున్నాక పాత నూనె వాసన బాగా తెలిసింది.