టీ డబ్బులు మిగల్చాలా, తరుగు తగ్గించుకోవాలా?

నమస్తే అండీ. ముందు ఒక నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో మీ యూపీఐ యాప్ తెరిచి, పోయిన నెల హిస్టరీలోకి వెళ్లండి. కావాలంటే వీడియో పాజ్ చేయండి, నేనెక్కడికీ పోను.

చూశారా? ఇంటద్దె, కిరాణా గుర్తుంటాయి. పదిహేను, ముప్పై, ఎనభై అని ఉన్నవే ఎవరికి కొట్టామో, ఎందుకు కొట్టామో గుర్తుకురాదు.

ఇప్పుడు పేజీ మధ్యలో ఒక గీత గీయండి. ఎడమవైపు చిల్లర ఖర్చులు, కుడివైపు పెద్దవి. రెండింటినీ ఏడాది లెక్కలోకి తెస్తేనే పోల్చగలం. రోజూ అయ్యేదాన్ని 365తో, వారానికోసారి అయ్యేదాన్ని 52తో గుణించండి. పెద్ద వస్తువు ధరనైతే అది ఎన్నేళ్లు వస్తుందో అన్నేళ్లతో భాగించండి.

ఆఫీసు కింద బండి దగ్గర 15 రూపాయల టీ, రోజుకి రెండు. ఏడాదికి 10,950. 36,000 పెట్టి కొన్న ఫ్రిజ్ పదేళ్లు వస్తే ఏడాదికి 3,600. కరెంటు బిల్లు వేరే అనుకోండి. ఆ ఫ్రిజ్ కొనేముందు మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తాం!

అలాగని టీ మానేయమని నేను చెప్పను. నలుగురితో నిలబడి తాగే టీకి ఉండే విలువ దానికుంది. ఎడమవైపు కొట్టేయాల్సినవి వేరే ఉన్నాయి. యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అంటే మనం నొక్కకపోయినా దానంతటదే డబ్బు కట్ అయ్యేవి. అది తెరవండి. ఎప్పుడో ఒక సిరీస్ కోసం తీసుకుని, ఆ తర్వాత ముట్టుకోని ఓటీటీ అక్కడ దొరుకుతుంది. అది ఇప్పుడే క్యాన్సిల్ చేయండి.

ఇక కుడివైపు. అసలు డబ్బు ఇక్కడుంది. పెళ్లికి రెండు తులాల గొలుసు కొంటున్నారు. లెక్క సులువుగా ఉండాలని గ్రాము 10,000 అనుకుందాం, మీరు కొనే రోజు రేటు వేసుకోండి. 20 గ్రాములకి రెండు లక్షలు. నగ చేసేటప్పుడు బంగారం పోతుందని షాపువాళ్లు రేటు మీద కలిపేదే తరుగు. అది ఒక షాపులో 14 శాతం, పక్క షాపులో 10. తేడా 8,000. దాని మీద జీఎస్టీ 3 శాతం, అంటే ఇంకో 240. మొత్తం 8,240. తొమ్మిది నెలల టీ అండీ! మనవాళ్లు లోపలికి వెళ్లగానే "గ్రాము ఎంత?" అని అడుగుతారు. ఒక ఊళ్లో ఆ రేటు ఏ షాపులో అయినా ఇంచుమించు ఒకటే. బేరం ఆడాల్సింది తరుగు, మజూరీ, అంటే తయారీ కూలి దగ్గర. అవి విడివిడిగా రాసిన ఎస్టిమేట్ స్లిప్ తీసుకుని, దాంతో ఇంకో షాపు మెట్లెక్కండి. మొహమాటపడకండి.

హోమ్ లోన్ లెక్క ఇంకా పెద్దది. 30 లక్షలు, 20 ఏళ్లు. వడ్డీ 8.5 శాతమైతే ఈఎంఐ దాదాపు 26,035. అదే 8.75 అయితే 26,511. నెలకి 476 రూపాయలే కదా అనిపిస్తుంది. 240 నెలలకి లక్షా పద్నాలుగు వేలు దాటుతుంది. ఇప్పటికే లోన్ ఉన్నవాళ్లు కొత్తవాళ్లకి ఏ రేటుకి ఇస్తున్నారో కనుక్కుని, మాకూ తగ్గించండని బ్యాంకులో అడగండి. దానికి ఫీజు తీసుకుంటామంటే, ఆ ఫీజునీ మిగిలేదాన్నీ పక్కపక్కన రాసి చూడండి.

నేను వాడే షీట్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ లోన్ మొత్తం, మిగిలిన నెలలు, రేటు వేస్తే చాలు.